ఇంటి కబుర్లు: కిటికీకి కాపలా

క్రిందటి నెల మన సంఘం సమావేశంలో కాఫీ వేళ ఒక పెద్దాయన మమ్మల్ని ప్రక్కకు పిలిచి, "మీ యింట్లో కిటికీలకు దొంగల గంటలు పెట్టించారటగదా, అవి నిజంగా పనిచేస్తాయటండీ?" అని మెల్లగా అడిగారు. మెల్లగా అడిగినా విననివారు లేరు. నిమిషంలో నలుగురు చుట్టూ చేరారు. అందరూ మా యీడువారే. అందరి పిల్లలూ సముద్రాల కవతలనో, లేదా హైదరాబాదులోనో వున్నవారే. రెండు ముక్కలలో చెప్పటానికి వీలుగాక, "పత్రికలో వ్రాస్తాము లెండి" అని అప్పటికి తప్పించుకున్నాము. ఆ మాట చెల్లించుకోవాలిగదా!

మాది మల్లేశ్వరంలో పాత యిల్లు. 1898లో ప్లేగు వచ్చి పాతపేట జనం యిరుకు వీధులు విడిచి బయటికి వచ్చినప్పుడు పెరిగిన ప్రాంతమిది. మా తాతగారు కోలారు బంగారు గనుల్లో గుమాస్తాగా పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో యిక్కడ స్థలం కొని కట్టారు. టేకు రెక్కలు, నిలువు వూచలు, వీధివైపు కిటికీలమీద చెక్కపట్టీలతో చేసిన కోసు గొడుగులు. ఆ గొడుగులను యీ వూళ్ళో 'మంకీ టాప్' అంటారు. ఆ పేరు కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది. మొత్తం కిటికీలు పదునాలుగు. స్నానాల గది వెంటిలేటరుతో కలిపితే పదిహేను. గాలికోసం కట్టిన యిల్లు గాని, దొంగలకోసం కట్టిన యిల్లు కాదు.

సంక్రాంతికి ముందు మా వీధి మొదట్లో ఒక కుటుంబం నెల్లూరికి పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి వంటింటి కిటికీ వూచలు వంచి వున్నవి. వెండి సామానంతా పోయింది. ఈ సంగతి మా ఆవిడ ఫోనులో మా పెద్దవాడికి చెప్పింది. వాడు న్యూజెర్సీలో వుంటాడు. చెప్పిన పాపానికి వాడు సెలవుమీద వచ్చేటప్పుడు చాక్లెట్లతోబాటు ఒక అట్టపెట్టె తెచ్చాడు. విప్పితే తెల్లటి ముక్కలు, సబ్బుబిళ్ళను నిలువునా కోసినట్టున్నవి.

"ఏమిట్రా యివి?" అన్నది మా అమ్మ. ఆమెకు యెనభై రెండేళ్ళు. చెవులు బాగానే పనిచేస్తవి.

"సెన్సార్లు, నాయనమ్మా. కిటికీలకు."

"సినిమాలకు పెట్టింది చాలక, కిటికీలకు కూడా సెన్సారేమిట్రా? నేను అవతలికి చూసే వాటిల్లో ఏం కత్తిరిస్తుందిట?"

వాడికి అర్థం కాలేదు. మేము నవ్వుకున్నాము. కాని పెట్టిన కొద్దిరోజులకే ఆమె మాటలో నిజం లేకపోలేదని తెలిసింది. ఆ సంగతి తరువాత.

ఆ ముక్కల్లో వున్న విద్య పెద్ద వింతేమీ కాదు. కిటికీ ఒక్కింటికి రెండు ముక్కలు. పెద్దముక్క చట్రానికి, చిన్నముక్క రెక్కకు. చిన్నదానిలో వున్నది వట్టి అయస్కాంతం. పెద్దదానిలో గుండీ బ్యాటరీ ఒకటి, చిన్న రేడియో ఒకటి, వాటితోబాటు సన్నని గాజు గొట్టం. గొట్టంలో వెంట్రుకంత సందుతో రెండు లోహపు రేకులు. రెక్క మూసివున్నంతసేపూ అయస్కాంతం చేరువలో వుండి ఆ రేకులను ఒకదానికొకటి అంటించి వుంచుతుంది. రెక్క తెరిస్తే అయస్కాంతం దూరమై రేకులు విడిపోతవి. ఆ కబురు రేడియోద్వారా హాల్లో వున్న పెద్దపెట్టెకు చేరి, అక్కడినుంచి మోతగా యింటిలోకీ, వార్తగా ఫోనులోకీ పోతుంది. ఆ గాజు గొట్టం పేరు రీడ్ స్విచ్. 1936లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్వుడ్ అనే ఆయన కనిపెట్టాడు.

కిటికీకి గంట కట్టాలనే ఆలోచన అంతకంటే పాతది. 1853లో మసాచుసెట్సు రాష్ట్రంలో అగస్టస్ పోప్ అనే ఆయన దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. తలుపో కిటికీయో కదిలితే తీగలో విద్యుత్తు పారి గంట మ్రోగేట్టు చేశాడు. 1857లో ఎడ్విన్ హోమ్సు ఆ హక్కులు కొని వ్యాపారం పెట్టాడు. తరువాత న్యూయార్కులో యిళ్ళనుంచీ దుకాణాలనుంచీ తీగలు లాగి ఒక కార్యాలయంలో కలిపి, రాత్రంతా అక్కడ మనిషిని కూర్చోబెట్టాడు. ఈ మనిషిని కూర్చోబెట్టటమనే ముక్కను చదువరులు గమనించాలి. దాని విలువ తెలుసుకోవటానికి మాకు ఆరునెలలు పట్టింది.

మన దేశపు పాతకాలపు దొంగకు కిటికీతో అంత పని వుండేది కాదులెండి. గోడకే కన్నం వేసేవాడు. 'కన్నపుదొంగ' అనే మాట అలాగే వచ్చింది. 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు చారుదత్తుడి గోడ ముందు నిలబడి, కన్నం యే ఆకారంలో వేస్తే అందంగా వుంటుందా అని తర్కించుకుంటాడు. కొలతాడు మరచి వచ్చినందుకు నొచ్చుకొని జంధ్యం తీసి కొలుచుకుంటాడు. అటువంటి రసికుడికి సెన్సారు యేమి చేస్తుంది? గోడలు యిటికవీ సిమెంటువీ అయిన తరువాతనే దొంగ కిటికీవైపు చూడటం మొదలుపెట్టాడు.

ఇక బిగించటం. పెద్దవాడు వెనుక జిగురున్న పట్టీలతో గంటలో అన్నీ అంటించేశాడు. వాడు విమానమెక్కిన మూడోవారానికే సగం రాలినవి. పాత టేకుమీద ముప్పైయేళ్ళ రంగు పొరలు, దానిమీద దుమ్ము, ఆపైన బెంగుళూరు తేమ. జిగురు దేనికని అంటుకుంటుంది? మా వడ్రంగి వచ్చి, పాత రంగు గీకి, అరంగుళం మరలతో బిగించాడు. అద్దెయింట్లో వున్నవారు మరలు కొట్టలేకపోతే ఆ చోటును స్పిరిటుతో తుడిచి, బాగా ఆరనిచ్చి అంటించాలి. మూసినప్పుడు రెండు ముక్కలకూ నడుమ చిటికెనవేలి వెడల్పు మించకుండా చూసుకోవాలి. వానకాలంలో చెక్క వుబ్బి రెక్క సరిగా పడదు; వేసవిలో సరిపోయిన సందు ఆషాఢంలో చాలకపోవచ్చు.

ఇనుప చట్రాల కిటికీలున్నవారికి మరో చిక్కు. ఇనుము అయస్కాంతపు బలాన్ని తనవైపు లాక్కుంటుంది. ముక్క క్రింద చిన్న చెక్కబిళ్ళో ప్లాస్టిక్ బిళ్ళో వేసి యెత్తుగా బిగించాలి. ప్రక్కకు జరిగే అల్యూమినియం కిటికీలలో రెండు రెక్కలూ జరుగుతవి గనుక రెండింటికీ విడివిడిగా పెట్టాలి. మా మేనల్లుడు వైట్‌ఫీల్డులో ఒక్క రెక్కకే పెట్టి రెండేళ్ళు నిశ్చింతగా నిద్రపోయాడు. రెండో రెక్క సంగతి మేము చెప్పిన రోజు నుంచీ వాడికి నిద్రలేదు. అన్నింటికీ మించి, రెక్క కదలకుండా అద్దం కోసి చెయ్యిపెట్టేవాణ్ణి యీ సాధనం చూడలేదు. దానికి అద్దం పగిలే చప్పుడు పట్టే సాధనం వేరే వున్నది. మేము కొనలేదు. ఎక్కడో ఒకచోట ఆగాలిగదా!

మొదటి మోత పెట్టిన నాలుగోనాటి మధ్యాహ్నం మ్రోగింది. శాంకీ చెరువు వైపు చెట్లమీదినుంచి వచ్చే కోతి ఒకటి మంకీ టాప్ మీద కూర్చొని, వూచల సందులోంచి చెయ్యిపెట్టి, రెక్క నెట్టి, బల్లమీది అరటిపండ్లు అందుకుంటున్నది. మోత వినగానే అది పారిపోయిందనుకుంటున్నారా? పండ్లు తీసుకొనే వెళ్ళింది. యెదురింటి కన్నడ అమ్మగారు గేటుదాకా పరుగెత్తుకొచ్చి "ఏనాయ్తు? ఏనాయ్తు?" అన్నారు. ప్రక్కయింటి రిటైరయిన మేష్టారు చేతికర్రతో వచ్చారు. అందరికీ కాఫీ యిచ్చి పంపాము.

రెండోసారి అర్ధరాత్రి దాటిన తరువాత; గాలికి గడియ జారింది. మళ్ళీ అందరూ వచ్చారు. కాఫీ వేళ కాదు గనుక క్షమాపణ చెప్పుకున్నాము. మూడోసారి కరెంటు పోయి వచ్చినప్పుడు పెద్దపెట్టె తనంతట తానే అరిచింది. 1905లోనే వీధులకు విద్యుద్దీపాలు తెచ్చుకున్న వూరు మాది. కరెంటు పోవటం మాత్రం యింకా తప్పలేదు. పెట్టెకు యిన్వర్టరునుంచి తీగ యివ్వాలని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి మేష్టారి దీపం వెలిగింది, మళ్ళీ ఆరింది. నాలుగోసారి దీపమే వెలగలేదు.

మరునాడు మేష్టారు దాచుకోకుండా చెప్పారు: "మీ పెట్టె మళ్ళీ కూసిందనుకొని పడుకున్నానండీ." ఆయనను అనటానికి మాకు నోరెక్కడిది? అమెరికాలో పోలీసులకు వచ్చే యిటువంటి మోతలలో నూటికి తొంభైకి పైగా వట్టివేనని అక్కడి ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకమే చెబుతున్నది. సాల్ట్ లేక్ సిటీలో 2000 సంవత్సరంలో పోలీసులు, యెవరో ఒకరు కంటితో చూసి నిజమని చెప్పితేగాని యింటి మోతలకు బయలుదేరమని నియమం పెట్టుకున్నారు. జీతం పుచ్చుకొనే పోలీసులే విసిగిపోతే, కాఫీ మాత్రమే పుచ్చుకొనే మేష్టారు విసగరా?

ఇదంతా నవ్వుకోవచ్చు. తరువాతిది నవ్వుకొనేది కాదు.

మా అమ్మ ఆ మోతకు భయపడింది. దొంగకు కాదు, మోతకు. తానేదో కిటికీ తెరుస్తుంది, అది అరుస్తుంది, వీధివీధంతా లేస్తుంది, అందరూ తనను చూసి నవ్వుతారు. పగలు మోత ఆపివుంచుతామని యెన్నిసార్లు చెప్పినా ఆమెకు నమ్మకం చిక్కలేదు. మెల్లగా ఒక్కొక్క కిటికీ తెరవటం మానేసింది. పొద్దుటి యెండకు కూర్చొనే కిటికీ, సందుగొందిలో పూలమ్మి వచ్చే కిటికీ, అన్నీ మూసింది. మేమూ గమనించలేదు. గమనించినా, "పోనీ, భద్రంగా వున్నది" అనుకున్నామేమో! సెన్సారు కత్తిరించిందంటే యిదే.

స్నానాల గదిలో మాకు గ్యాసు గీజరు వుండేది. పెద్దవాడు ఉత్సాహంకొద్దీ ఆ గది వెంటిలేటరుకు కూడా రెండు ముక్కలు అంటించి వెళ్ళాడు. ఆమె దాన్నీ మూసింది. ఆషాఢమాసంలో ఒక పొద్దున్న స్నానానికి వెళ్ళిన మనిషి యెంతసేపటికీ రాలేదు. మా ఆవిడ పిలిస్తే "వస్తున్నా" అన్నది గాని, ఆ గొంతు యెక్కడో నూతిలోంచి వచ్చినట్టున్నది. పెద్దతనంవల్ల లోపల గడియ వేసుకోవద్దని మేము చెప్పివుంచినది ఆ పూట ఆమెను కాపాడింది. తలుపు తోసి చూస్తే పీటమీద గోడకు ఆనుకొని కూర్చున్నది, చెంబు చేతిలోంచి జారివున్నది. బయటికి తెచ్చి గాలిలో కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోతే, అక్కడ ఆక్సిజను పెట్టి సాయంత్రందాకా వుంచారు. కార్బన్ మోనాక్సైడన్నారు డాక్టరుగారు. గాలి చాలని గదిలో గ్యాసు మండితే అది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తం ఆక్సిజనును మోయాల్సిన చోటులో తాను కూర్చుంటుంది. మన వూళ్ళోనే స్నానాల గదులలో యిలా ప్రాణాలు పోయిన వార్తలు మీరూ పత్రికలలో చదివివుంటారు. చదివి పుట త్రిప్పివుంటారు, మేము త్రిప్పినట్టే.

ఆ రోజు మా యింట్లో పదిహేను కాపలాముక్కలూ చక్కగా పనిచేస్తున్నవి. అన్ని కిటికీలూ మూసివున్నవని న్యూజెర్సీలో ఫోను చూపిస్తున్నది. ఆకుపచ్చ గుర్తులు, వరుసగా పదిహేను.

మరుసటి వారమే గీజరును పెరటి గోడకు, బయట, తీయించి పెట్టించాము. వెంటిలేటరు ముక్కలు మేమే పీకేశాము. ఆ వెంటిలేటరులోంచి పిల్లి తప్ప మరొకరు దూరలేరు. దానికి కాపలా పెట్టాలన్న బుద్ధి మాకెందుకు పుట్టిందో! తరువాత పెద్దవాడితో ఫోనులో మాట్లాడి మిగతావి కూడా సరిచేశాము. వాడు ఆ వారమంతా సరిగా మాట్లాడలేకపోయాడు. తెచ్చింది నేనేగదా అని వాడి బాధ. "బిగించనిచ్చింది మేమురా" అని మేము.

ఇప్పుడు పదునాలుగింటిలో ఆరింటికే ముక్కలున్నవి. చెయ్యెత్తితే అందే పెరటివైపు మూడు, సన్‌షేడు మీదికెక్కి చేరదగిన మేడమీదివి రెండు, వంటింటిది ఒకటి. తక్కినవి హాయిగా తెరుచుకుంటవి. మోత రాత్రి పదింటినుంచి తెల్లవారి అయిదింటివరకే. నెల మొదటి ఆదివారం సాయంత్రం ఒక్కొక్క కిటికీ తెరిచి మ్రోగుతున్నదో లేదో చూస్తాము. ఆ వేళ మేష్టారికీ, యెదురింటివారికీ ముందుగా చెబుతాము. అది మ్రోగితే మొదటి వార్త మాకూ, రెండవది మేష్టారి ఫోనుకూ పోయేట్టు మార్చాము. న్యూజెర్సీకి పోయేది మూడవది. వాడక్కడినుంచి చేసేది మళ్ళీ మేష్టారికి ఫోను చెయ్యటమేగదా! నిజమనిపిస్తే 112కు ఫోను చెయ్యాలనీ, కర్రతో యెదురు వెళ్ళవద్దనీ మేష్టారితో ఒట్టు పెట్టించుకున్నాము. కర్ర మాత్రం ఆయన దగ్గరే వున్నది.

ఆంధ్రదేశంలో పూర్వీకుల యిళ్ళున్నవారికి ఒక్కమాట. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళంవేసిన యిళ్ళకోసం ఒక యేర్పాటు చేశారు. ఊరికి వెళ్ళేవారు ఫోనులోని ఆప్‌లో పేరు నమోదుచేసుకొని ముందుగా చెబితే, వారే వచ్చి యింట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక కనిపిస్తే వార్త వారి కంట్రోలు రూముకు పోతుంది. హోమ్సు న్యూయార్కులో మనిషిని కూర్చోబెట్టినట్టే, అక్కడా ఒక మనిషి కూర్చున్నాడు. మాకు యిక్కడ మేష్టారున్నారు. ఇక యింటిదొంగ మాటంటారా, ఈశ్వరుడే పట్టలేడన్నవాణ్ణి గుండీ బ్యాటరీ పడుతుందా? ఆ ఆశ పెట్టుకోవద్దు.

వూచల సంగతి కూడా వ్రాసి ముగిస్తాము. అమెరికాలో చాలా యిళ్ళ కిటికీలకు వూచలు వుండవు. గాజు, దాని వెనుక గంట. మనకు వూచలున్నవి గనుక గంట అదనపు ధైర్యం. కాని ఆ వూచలే లోపలివారిని కూడా ఆపుతవి. 2010 ఫిబ్రవరి 23న మన పాత విమానాశ్రయం రోడ్డులోని కార్ల్టన్ టవర్సులో పొగ కమ్మినప్పుడు మెట్లదారి పనికిరాక జనం కిటికీలు పగులగొట్టుకున్నారు, తొమ్మిదిమంది పోయారు. అది ఆఫీసుల మేడ. మన యిళ్ళకైతే పగులగొట్టటానికి గాజు వెనుక యినుము కూడా వున్నది. అందుకని వడ్రంగి వచ్చినప్పుడే కమ్మరిని కూడా పిలిపించి, పడకగది కిటికీ వూచల చట్రానికి బందులు వేయించి లోపలినుంచి తెరుచుకునేట్టు చేయించాము. తాళంచెవి గోడకు మేకు కొట్టి వేలాడుతున్నది, బయటివాడి చెయ్యి అందనంత దూరంలో. దానికీ రెండు తెల్లముక్కలున్నవి. అవి మాత్రం పనికివచ్చినవే.

అమ్మ యిప్పుడు బాగానే వున్నది. తెల్లవారి అయిదున్నరకు లేచి వంటింటి కిటికీ తెరిచి పాలకుక్కరు పెడుతుంది. ఆ కిటికీ తెరుచుకున్నదన్న వార్త మోత లేకుండా పెద్దవాడి ఫోనుకు పోతుందని మాకు మొన్నటిదాకా తెలియదు. వాడికప్పుడు ముందునాటి రాత్రి. మొన్న ఏకాదశి వుపవాసమని ఆమె ఆలస్యంగా లేచింది. ఏడుగంటలకు మా ఫోను మ్రోగింది.

"నాన్నగారూ, నాయనమ్మ లేచిందా?"

ఫోను ఆమెకే యిచ్చాము. "లేచానురా," అన్నది. "ఇదిగో, తెరుస్తున్నాను, చూసుకో."